లోపలి రంగు

రాజోలు అవతల ఓ కొబ్బరితోటలో
పద్నాలుగేళ్ళు కోళ్ళగూడుగా బతికింది మా ఫియట్.
బేరం కుదిరాక తోట కౌలుదారు దొమ్మేటి పండు
తల గోక్కుంటూ అన్నాడు:
"కారు మీదేనండి, ఆయ్.
వెనక సీట్లో పెట్ట పొదుగుతుందండి,
అది మాత్రం ఇంకో వారం లేవదండి."
ఆగాం.
నలభై ఏళ్ళు ఆగినవాళ్ళకి వారం ఒక లెక్కా.

మండపేటలో, మూతపడ్డ మిల్లు ఊకగదిలో
ఆదివారాలు మేం ముగ్గురం.
వారమంతా ఎవరి డబ్బో లెక్కపెట్టే బ్యాంకు క్యాషియర్ని నేను,
లాంచీ ఇంజన్ల దగ్గర చెయ్యి తిరిగిన సుభానీ,
పిల్లల చేత మామిడిపిందెలు గీయించి గీయించి
రిటైరైన డ్రాయింగు మాస్టారు ముక్తేశ్వర్రావు గారు.
ఒక బుష్షు కోసం కాకినాడ.
ఒక అద్దం కోసం బెజవాడ, రెండుసార్లు.
డిక్కీ తాళం కోయంబత్తూరు నుంచి
ముక్కూమొహం తెలియని పెద్దాయన పోస్టులో పంపాడు.
డబ్బు వద్దట.
బండి లేచిన రోజు హారను ఫోన్లో వినిపిస్తే చాలట.

ఎడమ తలుపు అట్ట ఊడదీస్తే
జానెడెత్తున గోదారి.
గన్నవరం అక్విడెక్టు దిగువన మేమున్నప్పటి
ఎనభైయ్యారు ఆగస్టు వరద
తలుపు కడుపులో ఎండి, బీటలిచ్చి,
పొరలు పొరలుగా పడుకునుంది.
గీత గీసినట్టు అంతవరకే తుప్పు.
ఆపైన ఇనుము ఇనుములానే ఉంది.
మాస్టారు ఆ మన్ను వేళ్ళ మధ్య నలిపి
"అరటి బ్రహ్మాండంగా కాస్తుందర్రా" అన్నారు.

ఇక రంగు దగ్గర తగువు.
ఉన్న ఒక్క ఫొటోలో కారుది ఫొటో రంగే.
పాలపిట్ట నీలం, అంది అమ్మ.
నీలమెక్కడిది, లేత తమలపాకు!
పెద మావయ్య దానికి జోడుగా
చొక్కా కూడా కుట్టించుకున్నాడట, అదీ సాక్ష్యం.
దొడ్డమ్మ ఫోన్లో నవ్వింది:
"పిచ్చి మొహాల్లారా, తెలుపు.
నాకు నొప్పులొచ్చిన రాత్రి ఆ వానలో, ఆ చీకట్లో
అదొక్కటే కదే కనిపించింది."

నన్నడిగితే
గౌను కింద రెక్సిను చుర్రుమనడం గుర్తుంది,
నాన్న మెడ, కాలరు లోపల మడిచిన రుమాలు,
స్టీరింగు మెడకి వేలాడే గేరు.
రంగెక్కడ చూశాను?
నేనెప్పుడూ లోపలే ఉన్నాను.

మాస్టారు డాష్‌బోర్డు వెనక
ఎండ ఏనాడూ తగలని చోట
బ్లేడుతో గీరారు, ఊపిరి బిగబట్టి.
బయటపడింది ఎవరూ చెప్పని రంగు:
మజ్జిగలో పసుపు చుక్క పడితే వచ్చేది.
అమ్మ వంగి చూసింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది.
"అది మనింటికి రాకముందుదై ఉంటుంది" అంది.
ఎవరం ఏమీ అనలేదు.
సుభానీయే తీర్పు చెప్పాడు:
"పైన కంపెనీ రంగే వేద్దామండి.
అమ్మగారిది డిక్కీలో."

అలాగే వేశాం.
గ్లవ్ బాక్సులో తమలపాకు కూడా,
మావయ్య అలక తీరడానికి.
బండి గుమ్మంలోకి రాగానే అమ్మ ముందుకి వెళ్ళలేదు,
వెనక్కి వెళ్ళి డిక్కీ ఎత్తింది.
చాలాసేపు ఎత్తే పట్టుకుంది.
"ఇదిగో, నే చెప్పలా" అంది, ఎవరితోనో.

ఆలమూరు వైపు కాలవగట్టు మీద
మూడు మైళ్ళు బుద్ధిగా నడిచి
లాకుల దగ్గర ఆగిపోయింది.
అడక్కుండానే నలుగురు తోశారు.
ముక్కోణపు చిన్నద్దం తిప్పానో లేదో
ఎక్కడినుంచో ఒక కోడి ఈక
ఎగిరొచ్చి అమ్మ జుట్టులో వాలింది.

అప్పుడు సుభానీ కోయంబత్తూరుకి ఫోన్ కలిపి
బానెట్ దగ్గర పెట్టి
హారను నొక్కాడు.
అవతల ఏమీ లేదు. దగ్గు కూడా లేదు.
కాసేపటికి ఒక్క మాట:
"ఇన్నొరు తడవ."
మాకెవరికీ తమిళం రాదు.
సుభానీ మళ్ళీ నొక్కాడు.