బల్లకట్టు ఒక్కటే

ఉకెరెవె దీవిలో
వేలెడైనా లేని వెండిచేపను దగా అంటారు.
మన చెవికి ఆ మాట ఎలా తగులుతుందో
వాళ్లకేం తెలుసు.

న్యామిసి వాకిట్లో, ఇసుక మీద
రాత్రి పడ్డ చేప ఎండుతోంది.
చంద్రుడు లేని రాత్రులే వాళ్లకు పంట:
సరస్సు మీద నావకో దీపం,
దీపం చుట్టూ వెర్రిగా మూగే చేప.
తెల్లారాక మిగిలేది
కాకుల్ని తోలే పని, నడుం నొప్పి,
చంకలో మూడు నెలల మగేసా.

మ్వాంజా నుంచి వచ్చిన కుల్వా
మంచుపెట్టె కింద పెట్టి
చిటికెన వేలంత సీసా చేతికిచ్చింది.
"రెండు చెంచాలు చాలక్కా."
న్యామిసి అటు తిరిగి కూర్చుని పిండింది.
సీసా ఎండకెత్తి చూసి నవ్వింది:
"తెల్లగానే ఉన్నాయిగా.
ఇందులో ఇంకేం వెతుకుతావు?"

కొవ్వు, అంది కుల్వా.
న్యామిసి తన పుల్లల్లాంటి ముంజేతులు చూసుకుంది.

అప్పుడు కుల్వా ఈనెతో ఇసుకలో గీసింది
ఒక ఒడ్డు, ఇంకో ఒడ్డు, నడుమ నీళ్లు.
విడమరిచి చెప్పక్కర్లేదు.
నిండు కడుపుతో కిసోర్యా రేవులో
మూడు విడతలు బల్లకట్టు తప్పిపోయి
ఎండలో నిలబడ్డ మనిషే ఆమె.

"ఒంట్లోనూ ఒక రేవుంది.
పొద్దుతిరుగుడు నూనెలో ఒక కొవ్వు,
ఆకుల్లో ఇంకో కొవ్వు.
రెండూ మన ఒళ్లు పుట్టించలేనివే,
నోటితోనే తెచ్చుకోవాలి.
రెండూ అవతలికే పోవాలి.
బల్లకట్టు ఒక్కటే.
సరంగుకి ఆకు తాలూకు వాళ్లంటేనే అభిమానం,
కానీ నూనె గుంపు అంతమంది తోసుకొస్తే
వాడు మాత్రం ఏం చేస్తాడు?"

"మరి చేప?"

"చేపది అవతలి ఒడ్డేనక్కా.
నాచు ఎప్పుడో దాటేసింది,
నాచుని నలుసంత పురుగు తింది,
పురుగుని చేప.
నువ్వు తింటే ఇంక రేవులో పని లేదు.
నీ పాలల్లోంచి తిన్నగా
వీడి కంటిపాపలోకి,
ఇదిగో, మెత్తగా కొట్టుకుంటోందే
ఈ మాడు కిందికి."

మగేసా మాడు మీద
ఇద్దరి చూపూ కాసేపు ఆగింది.

కుల్వా కాగితం తీసింది.
నిన్న ఏం తిన్నావు?
కర్రపెండలం ముద్ద.
దేంతో?
దాని ఆకే, దంచి వండాను.
నూనె?
"ధారాళంగా పోశాను," అంది న్యామిసి, కాస్త దర్జాగా.
ఆ పసుపు డబ్బా కొన్న రోజు
పక్కింటి వాళ్లు కూడా చూసిపోయారు మరి.
చేప?

న్యామిసి ఇసుక మీద మెరుస్తున్న
ఆ వెండినంతా చూసింది.
"అవి కోళ్లవి."

కుల్వా ఏదో రాయబోయి
కలం మూత పెట్టేసింది.

మధ్యాహ్నం లారీ వచ్చింది.
దాణా మిల్లు మనిషి మసాటు
బస్తా కొక్కేనికి తగిలించి
ముల్లు నిలిచేదాకా చూశాడు.
వల అప్పులోంచి ఇంత తీసేసి
మిగిలిన నోట్లు లెక్కపెడుతూ ఆగాడు.
"తూకం తగ్గిందేం? గుప్పెడో, రెండో."

"గాలికి ఆరింది," అంది న్యామిసి.

లోపల పొయ్యి మీద
కుండ మూత చిన్నగా ఎగిరెగిరి పడుతోంది.
వాసనకు మసాటు తల తిప్పాడు.
ఏమనుకున్నాడో,
నోట్లు ఆమె చేతిలో పెట్టి లారీ ఎక్కాడు.

కుల్వా అప్పటికే రేవు చేరింది.
ఆమె మంచుపెట్టెలో ఉన్నవి
పొద్దుటి పాలు.
రేపు పిల్లాడు తాగబోయేవి
ఆ లెక్కలోకి రావు.