రెండొందల పదిహేడు

క్రాకోవ్‌లో ఫిబ్రవరి. పైన ట్రాము తీగల మీద మంచు.
కింద నేలమాళిగలో నా పని హీలియం పోయడం,
ముప్పై రెండేళ్లుగా.
గొట్టం చుట్టూ గడ్డకట్టే గాలిని
పాత మేజోడుతో తుడిచేస్తుంటాను.

బోగ్నా కొత్తగా చేరింది.
గోరంత ముక్క తెచ్చింది, కోబాల్టూ రాగీ కలిపి పోసింది.
"బాగా కలిసింది జెఫిరిన్ గారూ,
చూడండి, ఎక్కడా మచ్చ లేదు."
మెరుపుదేముంది, పైపై మాట.

అయస్కాంతం ఏదని అడిగారోసారి బడిపిల్లలు.
అక్కర్లేదర్రా, ఈ లోహం
తన బలాన్ని తన కడుపులోనే మోస్తుంది.
మనం తలుపు తడతాం, అంతే.
ఒక తట్టు.
ఆగడం.
ఇంకో తట్టు.
మళ్లీ అంతే సేపు ఊరుకుంటే
చెదిరిపోయిన కేంద్రకాలన్నీ వెనక్కి మళ్లి
ఒక్క గొంతుతో పలికి
మళ్లీ ఎవరి దారిన వాళ్లు పోతారు.
రెప్పపాటులో వెయ్యో వంతైనా పట్టదు ఈ భాగోతమంతా.

ప్రతి పరమాణువుకీ చుట్టూ పన్నెండిళ్లు.
పన్నెండింటా కోబాల్టే అయితే
రెండొందల పదిహేడు మెగాహెర్ట్జ్ దగ్గర పలుకుతుంది.
ఒక ఇంట్లో రాగి దిగిందా,
గొంతు ఇంచుమించు పదహారు దిగుతుంది.
ఇంకో ఇంట్లోనూ దిగితే ఇంకో పదహారు.
సమీకరణాలు నాకు రావు.
ఇరుగుపొరుగు లెక్క వచ్చు.

రాత్రంతా తట్టాం.
బోగ్నా మెట్లవరస కోసం చూసింది.
తెల్లారేసరికి తెర మీద ఒంటి శిఖరం,
రెండొందల పదిహేడు దగ్గర, నిటారుగా.
కోబాల్ట్ కోబాల్ట్‌తోనే ఉంది,
రాగి ఏ మూలో తనవాళ్లతో.
ఒకే కప్పు కింద
రెండు పొయ్యిల కాపురం.

ఆమె చల్లారిన టీ తాగేసి
"ఇంకా తొందరగా చల్లార్చాల్సింది,
విడిపోయే వ్యవధి ఇచ్చాను" అంది.
ముక్కని కాగితంలో చుట్టి తేదీ రాసింది.

నోవా హుతా ట్రాములో కునికిపాట్లు పడుతూ ఇల్లు చేరాను.
మా నాన్న పనిచేసిన ఉక్కు కొలిమి వైపు
పొగ లేదు ఇప్పుడు.
నాలుగో అంతస్తు.
గోడ అవతల మెలానియా గారు ఆరింటికల్లా
కాఫీ గింజలు మరపట్టేది.
ఆ చప్పుడుని తిట్టుకుంటూ లేచేవాణ్ణి పంతొమ్మిదేళ్లు.
నవంబరులో తీసుకెళ్లారు ఆమెని.
ఫ్లాటు ఖాళీ.

బూట్లు విప్పకుండానే నిలబడి
గోడ మీద ఒకసారి తట్టాను.
ఆగాను.
ఇంకోసారి.

జవాబుకి ఎంతసేపు ఆగాలో నాకు తెలుసు.
దానికన్నా కాస్త ఎక్కువే ఆగాను.