వ్యాఖ్యల గడి

మూడు గంటలకోసారి చోయ్‌బల్సాన్ నుంచి
నర్మందఖ్ పంపే వాతావరణం లెక్కలు
ఉలాన్‌బాతర్‌లో నేను టైపు చేస్తాను.
గాలి ఎటునుంచి, ఎంత వడి,
మంచు ఎన్ని వేళ్ల మందం.
అన్నిటికీ గడులున్నాయి.

ఫిబ్రవరి పందొమ్మిది, రాత్రి రెండు:
మైనస్ ముప్ఫై నాలుగు. గాలి లేదు.
చివర, ఎవరూ నింపని వ్యాఖ్యల గడిలో
చీమల్లాంటి అక్షరాలు:
"స్టేషన్ అధికారి వచ్చారు. డ్యూటీ ఆయనది కాదు.
గడియ పెట్టారు.
చెయ్యి భుజం మీద. తర్వాత భుజం మీద కాదు.
పదకొండు నిమిషాలు.
చూపు ఆనే దూరం: ఇరవై కిలోమీటర్లు."

కంప్యూటరు అంకెలే ఒప్పుకుంటుంది.
చెల్లని నమోదు, అని ఎర్రబడింది.

కింది గదిలోకి దిగి
పాత రిజిస్టర్లు దులిపాను.
తొంభై ఎనిమిది. అదే స్టేషను, వేరే దస్తూరి:
"నిద్రగది లోపలి గడియ ఊడింది. చెప్పాను.
మళ్లీ చెప్పాను."
ఆవిడకి చలి పడలేదనీ
అందుకే బదిలీ అడిగిందనీ
ఇన్నాళ్లూ మేం చెప్పుకున్నాం.

ఐదు దాటింది. ఐదింటి లెక్క రాలేదు.

ఫోను రెండుసార్లు మోగి ఎత్తారు.
అవతల ఊపిరి.
"గాలి..." అని మొదలుపెట్టింది.
గాలి సంగతి తర్వాత, అన్నాను.