రబ్బరు బూట్లు

చిలోయేలో బస్సుతో సహా పడవెక్కినప్పుడు వాన.
సాంటియాగోలో దిగితే
ఆకాశం ఇస్త్రీ చేసిన చొక్కా.

బూట్లు తలుపు పక్కన పెట్టాను.
మార్చి నెలంతా అక్కడే ఉన్నాయి, నోరు తెరుచుకుని.

ఆఫీసు కార్డు మీద మిల్యారాయ్‌లో ఓ అక్షరం తప్పు.
దిద్దమని అడగలేదు.
ఇప్పుడా తప్పు పేరుకే పలుకుతున్నాను.

పదకొండు రోజులు ఎవరెవరి కోడో చదివాను,
అద్దెకు దిగిన ఇంట్లో
చీకట్లో స్విచ్చి తడుముకున్నట్టు.
పన్నెండో రోజు
ఒక కామా తీసేశాను.
మూడు దేశాల్లో బిల్లులు సరిగ్గా వచ్చాయట.
పక్క సీటు ఎవారిస్తో తలెత్తకుండానే
"బావుంది" అన్నాడు.

రాత్రి, నేల మీద పరుపు, అట్టపెట్టె మీద సూపు.
ఎవరికి చెప్పను, కామా గురించి?

బూట్లు తొడుక్కుని
గదంతా తిరిగాను,
కింది వాటావాళ్ళు
చీపురుకర్రతో తట్టేదాకా.