పెట్టె లేకుండా

రాణీగంజ్‌ల మధ్యాహ్నం మూడు గంటలు.
ముస్తన్‌సిర్ భాయ్ గల్లా మీద పాత పేపర్ పరిచి
మూడు మడత కత్తులు పెట్టిండు,
వేలెడు ఎడంతో, కొలిచినట్టు.

మొదటిది నూట ఎనభై.
ఎర్ర పిడి, అద్దం లెక్క మెరుపు.
దీన్ని నేనెరుగుదును.
దీని అన్నదమ్ములు నలుగురు
నా గల్లా పెట్టె అడుగున మొండిగ పడి ఉన్నరు.

రెండోది ఆరు వందల యాభై.
"తుప్పు పట్టదమ్మా, నీళ్లల్ల నానబెట్టినా సరే."
కత్తిని నానబెట్టుడు దేనికో
అడగలే.

మూడోది పదహారు వందలు.
నల్ల పిడి. మెరుపు లేదు.
అలుగు మొదట్ల గోటి గీత లెక్క చెక్కిన నంబరు.
"కార్బన్ ఎక్కువ, పదును నిలుస్తది.
కానీ దీనికి తడి పడదు, తుడుస్తుండాలె."
పూలమ్మేదానికి చెప్తున్నడు, తడి పడదని!

గుడిమల్కాపూర్‌ల నాకు
పొద్దు మూడున్నరకే పొడుస్తది.
గులాబీ కాడలు, జర్బెరా కట్టలు, అరటి నార,
మూటల మీది ప్లాస్టిక్ తాళ్లు.
ఏడు కొట్టేసరికి అంచు నిండ ఆకుపచ్చ బంక.
ఎనిమిదికి కత్తి కోసుడు మానేసి
నములుడు మొదలుపెడ్తది.

నాలుగు నూట ఎనభైలు, ఏడు వందల ఇరవై.
సాన పట్టే బుగ్గయ్యకు వారం వారం ఇరవై.
మొద్దు కత్తికి బలం కావాలె,
బలం పెడితే జారుతది:
ఎడమ బొటనవేలికి మూడు కుట్లు,
మెహదీపట్నంల ఎనిమిది వందలు.
లెక్క అక్కడ ఆపేసిన.

అయినా, ధర అందరికీ కనబడ్తది
ఉక్కు లోపలి సంగతి ఎవరు చూసిన్రు?
నంబరు చెక్కినంత మాత్రాన నమ్మాల్నా?
నిన్నటి గులాబీ మీద నీళ్లు చల్లి
ఇప్పుడే దిగిందని
నేను అమ్మలేదా?

"భాయ్, నువ్వు వాడేది ఏదో తియ్యి" అన్న.
ఆయన నవ్వి
సుతిలి ఉండ పక్కనుంచి తీసిండు:
ఎర్ర పిడి. నూట ఎనభై.
"నేను కోసేది సుతిలే కదమ్మా."

సంచిల పొద్దటి అరటి నార మిగిలి ఉన్నది,
ఇంకా తడిగనే.
మొదటి కత్తి దాన్ని పిసికింది.
రెండోది రెండు దెబ్బలకు తెంపింది.
మూడోది తాకిందో లేదో,
నార రెండు ముక్కలై గల్లా మీద పడ్డది
తనకేమైందో తెలువనట్టు.

బేరం చేసిన. దిగలే.
"ఉక్కు మీద ఒక్క రూపాయి తగ్గియ్య,
పెట్టె వద్దంటే యాభై ఇడుస్త."
పెట్టె వద్దన్న.

ఇంటికొచ్చి సంపత్‌కు
తొమ్మిది వందలని చెప్పిన.

తెల్లారి మొదటి గులాబీ కాడ.
అలవాటు కొద్దీ భుజం బిగబట్టి
ఆ ఈడ్పు కోసం చూసిన.
రాలే.
కాడ ఎప్పుడో కింద పడ్డది,
భుజమే ఇంకా దిగలే.

ఇప్పుడు ప్రతి కట్టకొకసారి కొంగుకు తుడుస్త.
కొంగు నిండ పసరు మరకలు.
అయినా పదో దినం, మడత దగ్గర
కందిగింజంత తుప్పు.
బూడిదతోని రుద్దిన. పోలే.
సంపత్ దీపం కాడ తిప్పి తిప్పి చూసి
"తొమ్మిది వందలది గిట్లనే ఉంటది" అన్నడు.

అవునన్న.