బిల్లు ఏ పేరు మీద?

బెంగళూరులో ఎస్పీ రోడ్డు, మా కొట్టు అక్కడే.
ఎస్పీ అంటే పోలీసు సారనుకునేవాళ్ళే ఎక్కువ.
సాదర్ పత్రప్ప అనే మనిషి
రెండక్షరాలకు అరిగిపోయి
కేబుళ్ళ కట్టల కింద ఎక్కడో ఉన్నాడు.

మా బోర్డు మీద శ్రీ రంగనాథ రేడియోస్.
రేడియో అమ్మి ముప్పయ్యేళ్ళు.
ఇప్పుడున్నది ఒక లేజరు మిషను,
దాని పక్కన నేను, పెనుకొండవాణ్ణి.
పేర్లు గీకడం, పేర్లు చెక్కడం.

హైమవతి పొద్దున్నే వచ్చింది, ఇది మూడోసారి,
బొమ్మసంద్ర నుంచి ఆటోలో, ఒళ్ళో అట్టపెట్టెతో.
పద్దెనిమిది వందల తాళంచెవులు.
పళ్ళున్నవి కావు.
చిటికెనవేలిలో సగమంత నల్లబిళ్ళలు,
లాప్‌టాప్ పక్కన గుచ్చి
నడుమనున్న బంగారు చుక్కను తాకితే
మనవాడేలే, రానీ, అని తలుపు తీసేవి.
వాళ్ళు చేసేవే, వాళ్ళు వాడేవే.

మొదటిసారి వాటి మీద గద్దను చెక్కాను.
గద్దను అల కొనింది.
గద్దను గీకి అలను చెక్కాను.
"అల కూడా కలిసిపోయిందన్నా."
"కలవడమంటే?"
"మింగడమే. కాగితం మీద అట్లా రాస్తారు."
కొత్త గుర్తు ఒట్టి సున్నా.
చెక్కడానికి సుఖం, ఒక్క చుట్టు.

మా ఓనరు నంజప్పకు వచ్చిన తెలుగు సామెత ఒకటే.
"ఇంటిపేరు కస్తూరివారు" అని ఎత్తుకుని
ఆ పిల్ల ముఖం చూసి
గబ్బిలాల్ని గొంతులోనే ఆపుకున్నాడు.

మిషను దోమలా పాడుతుంది.
కాలిన దువ్వెన వాసన.
ఏటవాలుగా వెలుతురుకు పడితే
సున్నా అడుగున అల తోక,
దాని అడుగున గద్ద ముక్కు,
పలక మీద ఎంగిలితో తుడిచిన అక్షరంలా
పోయీ పోకుండా.

సరిగ్గా ఉందో లేదోనని ఒకదాన్ని కంప్యూటరుకు గుచ్చాను.
నీ పేరేమని అడిగింది కంప్యూటరు.
గద్ద, అంది బిళ్ళ.
పూర్తి పేరు, లిమిటెడ్‌తో సహా.
"ఇదేందమ్మా?"
"పుట్టినప్పుడు లోపల పోసిన పేరన్నా.
అది మారదు. ఎవరికీ చెప్పొద్దు."

నాలుగో వందలో ఒక బిళ్ళ మీద
ఎర్రటి గోళ్ళరంగు చుక్క.
పక్కవాళ్ళదానితో కలిసిపోకుండా
ఎవరో పెట్టుకున్న బొట్టు.
హైమవతి చేతిలోకి తీసుకుంది.
"ఫిలోమినాది. జీతాల సెక్షను.
అల బొమ్మతో నేనే ఇచ్చినా,
రెండు నెలలకు నేనే వెనక్కి తీసుకున్నా.
ఆ పొద్దు బంగారు చుక్కను
తాకింది, తుడిచి తాకింది,
వేలు చీరకొంగుకు రుద్దుకుని మళ్ళీ తాకింది.
బిళ్ళలో ఏ లోపమూ లేదన్నా.
అవతల జాబితాలో పేరు కొట్టేశారు.
నాకు ముందు రోజే తెలుసు."

ఆర్డరు కాగితంలో స్పష్టంగానే ఉంది,
పాత గుర్తులు ఏవీ మిగలకూడదని.
మిషను ఆపి టీకి పోయాను.
రెండు టీలు తాగాను.
తిరిగొచ్చేసరికి నంజప్ప
ఆ చుక్కను థిన్నరుతో తుడిచి, సున్నా చుట్టి,
గుట్టలోకి విసిరేశాడు.
ఫిలోమినాది ఏదో ఇప్పుడు నాకూ తెలియదు.

సాయంత్రం ఊడిస్తే
చేటలో పిడికెడు నల్లపొడి.
చల్లగా, మెత్తగా ఉంది.
అందులో గద్ద ఎంతో అల ఎంతో.

"బిల్లు ఏ పేరు మీద రాయమంటావమ్మా?"
హైమవతి ఫోను తీసింది.
అవతలివాళ్ళు చాలాసేపు మాట్లాడారు.
ఈమె ఊఁ కొట్టింది, గోడకేసి చూసింది,
ఇంకొకసారి ఊఁ కొట్టింది.
"తేదీ వేసి ఇచ్చెయ్యన్నా.
పేరు దగ్గర ఖాళీ ఉంచు, సోమవారం చెప్తారంట."

కార్బను కాగితం సర్ది
శ్రీ రంగనాథ రేడియోస్ అన్న అచ్చు కింద
తేదీ వేశాను, గట్టిగా నొక్కి,
రెండో కాపీకి కూడా దిగేట్టు.