పెన్సిల్ జాబితా

పెన్సిల్‌తోనే రాయాలి.
పోయినేడు పెన్నుతో రాసిన కాగితం
వరదకి తడిసి
ముప్పై తొమ్మిది పేర్లూ కలిసి
ఒకే నీలం మరకైపోయేయి.

అందుకని ఈసారి గెడ్డం సువార్త
ఆశా కార్యకర్త చీర కొంగు నెత్తిన కప్పుకుని
మే నెల ఎండలో లంకంతా తిరిగింది.
అప్పటికి గోదారి సన్నటి పాయ,
మోకాలు తడిస్తే గొప్ప.
రేవులో పడవ ఇసక మీద బోర్లా పడుకుని
వీపుకి తారు పూయించుకుంటోంది.

"నీళ్ళే లేవు, వరదేంటే సువార్తా!"
"ఆయ్, ఇప్పుడైతేనే కదండీ
తొందర లేకుండా రాసుకునేది."

ఇన్సులిన్ వాడే పోస్టుమేను పేరు పక్కన
ఐసుపెట్టె ఎవరింట్లో ఉందో రాసింది.
కొబ్బరి దింపు నూకరాజుకి చెవుడు,
మైకు వినపడదు, భుజం తట్టి లేపాలి.
ఒలేటి బేబీకి ఆగస్టు మూడోవారం
అని రాసి, కాసేపు
పెన్సిల్ పెదవికి ఆనించుకుని కూర్చుంది.
గేదెని వదిలి రానంది మంగాయమ్మ.
గేదెని అంచులో రాసింది,
పేరడిగి మరీ.

ముప్పై మూడు: పెచ్చెట్టి చంద్రమ్మ.
నాలుగేళ్ళుగా మంచం దిగలేదు.
ద్వారబంధం కొలిచింది మూరతో:
మంచం అడ్డంగా పట్టదు,
కాళ్ళవైపు ముందు.

ఆదివారం ప్రార్థన అయ్యేక రిహార్సల్.
విజిల్ ఊదితే ఆరుగురు మంచమెత్తేరు,
కాలే ఇసకలో రేవుదాకా పరుగు.
"నా పెళ్ళికి కూడా పల్లకీ లేదర్రా"
అని చంద్రమ్మ దారిపొడవునా చేతులూపింది.
చేరేక దింపొద్దంది,
ఇంకో చుట్టు తిప్పమంది,
టీ అడిగింది.
పదకొండు నిమిషాలు.
సరంగు దుర్గారావు పడవ అడుగున
మంచం పట్టేంత జాగా కొలిచి
మిగిలిన తారుతో నాలుగు గీతలు గీసేడు.

జూన్‌లో, తొలకరికి ముందు,
చంద్రమ్మ నిద్రలో వెళ్ళిపోయింది.
సువార్త దగ్గర రబ్బరు ఉంది.
చెరపలేదు.

భద్రాచలంలో నలభై మూడు అడుగులని
రాత్రి కబురొచ్చింది.
మర్నాడు ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక.
వరద అరుస్తూ రాదు.
అరటితోటలో కుక్క మొరగడం ఆపుతుంది,
దీపం వేసి చూస్తే
బోదెల మధ్య ఎర్రనీళ్ళు
ఎవరింటికో దారడుగుతున్నట్టు నిలబడి ఉంటాయి.

నూకరాజుని భుజం తట్టి లేపేరు.
ఐసుపెట్టె దొరికింది, మూత దొరకలేదు,
పోస్టుమేను తన తువ్వాలు కప్పేడు.
మంగాయమ్మ ఏడ్చింది, గేదె ఈదింది.
బేబీకి పన్నెండు రోజుల ముందే కాన్పై
ఇంటికొచ్చి ఒక్కరోజు,
కుట్లు పచ్చి, కూర్చోలేదు.
ఎవరూ ఏమీ అనలేదు. ఆరుగురూ
చంద్రమ్మ మంచం తెచ్చేరు.
కాళ్ళవైపు ముందు.
తారు గీతల మధ్య
మంచం కోళ్ళు సరిగ్గా కూర్చున్నాయి.
ఎన్ని నిమిషాలు పట్టిందో
ఆ రాత్రి ఎవరూ చూసుకోలేదు.

ఏటిగట్టు మీద బడి.
ఇరవై లీటర్ల క్యానుకో క్లోరిన్ బిళ్ళ,
అరగంట ఆగాలి.
ఆగరు. అందుకని పదేళ్ళ కుర్రాణ్ణి
గ్లాసులన్నీ ఒళ్ళో పెట్టి కాపలా కూర్చోబెట్టింది.
నల్లబల్ల మీద సుద్దముక్కతో
పాము కరిస్తే ఫోను చెయ్యాల్సిన నెంబరు,
దాని కింద ఎవరో చెరపని ఎక్కాలు.

తెల్లారి తహసీల్దారు ఆఫీసాయన వచ్చి
"జాబితాలో ఎంతమంది?" అన్నాడు.
"నలభై ఒకటండీ."
"ఇక్కడ?"
ఆయనే తలలు లెక్కపెట్టేడు, తల్లి పక్కన
అరచేతంత తలతో కలిపి.
నలభై ఒకటి.
సరిపోయిందని పెన్నుతో సంతకం పెట్టేడు.
రేకు కన్నంలోంచి చుక్క పడి
సంతకం కరిగింది.

ఆయన వెళ్ళేక
సువార్త ముప్పై మూడు దగ్గర ఆగింది.
పేరు అలాగే ఉంచి, పక్కన సన్నగా రాసింది:
పాప. ఇంకా పేరు పెట్టలేదు.
రెండు కిలోల ఆరువందలు.